'థింగ్స్ ఫాల్ అపార్ట్' పిల్లలకు ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి?

నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో వెలువరించిన ఈ నవలను హైస్కూల్ పిల్లలకు ఎలా చెప్పాలని అడిగారు కదా. చాలామంది మొదటి రోజే నైజీరియా మ్యాపు, బ్రిటిష్ పాలన, వలసవాదం అంటూ గంటసేపు ఉపన్యాసం దంచేస్తారు. అక్కర్లేదండి. 25 అధ్యాయాల్లో మొదటి 13 దాదాపుగా ఉముయోఫియా ఊరి జీవితమే: యామ్ దుంపల సాగు, వచ్చినవాళ్లకు కోలా కాయ విరిచి పెట్టడం, మాటకో సామెత. పిల్లల్ని ముందు ఆ ఊళ్లో తిరగనివ్వండి, తెల్లవాళ్లు వచ్చేసరికి ఏం పోతోందో వాళ్లకే తెలుస్తుంది.

నేనైతే ఎక్కువ టైమ్ ఏడో అధ్యాయానికే ఇస్తాను. మూడేళ్లు తన ఇంట్లో పెరిగి, తనను నాన్నా అని పిలిచిన ఇకెమెఫూనా అనే కుర్రాణ్ని చంపాలని ఊరు నిర్ణయిస్తే, ఇందులో నువ్వు చెయ్యి పెట్టకని ఊరి పెద్దాయన ముందే చెప్పినా, పిరికివాడంటారేమోనన్న భయంతో కథానాయకుడు ఒకాన్‌క్వో తానే నరుకుతాడు. అక్కడ వెంటనే వివరణ మొదలుపెట్టకండి, క్లాసుని కాసేపు అలా వదిలేయండి. 'వీళ్లింత క్రూరులా సార్' అని ఎవరో ఒకరు అంటారు (అనకపోతేనే ఆశ్చర్యం). అప్పుడు అతని స్నేహితుడు ఒబియెరికా ఆ చంపడానికి ఎందుకు వెళ్లలేదో అడగండి, అతనూ ఆ ఊరివాడేగా.

చివరి పేరా మాత్రం పైకి చదివించండి. ఇంత కథా బ్రిటిష్ జిల్లా కమిషనర్ రాయబోయే పుస్తకంలో ఒక్క పేరా అయిపోతుంది.