రైతు సందేహాలు – నిపుణుల సలహాలు: ముసలి కుక్కకు రాత్రి వెచ్చదనం సరే, ముందు ఆ గోళీలు ఆపండి

ప్రశ్న: మా లాబ్రడార్ క్రాస్ కుక్కకు 11 ఏళ్లు. మొన్నటిదాకా మిర్చి కల్లం దగ్గర కాపలా ఉండేది. చలి మొదలైనప్పటి నుంచి రాత్రి రెండింటికి లేచి మూలుగుతోంది, తెల్లారి వెనక కాళ్లు నిలబడటం లేదు. కాసేపు నడిస్తే సర్దుకుంటోంది. చలివాతం అంటున్నారు. పక్కన మంట వేస్తున్నాం, దుప్పటి కప్పుతున్నాం. మందుల షాపులో ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన గోళీలు ఇస్తే రోజుకు సగం వేస్తున్నాం. రెండు రోజులు బాగుండి మళ్లీ మొదటికొస్తోంది. రాత్రిళ్లు వెచ్చగా ఎలా ఉంచాలి?
– ఒక మిర్చి రైతు, ప్రత్తిపాడు, గుంటూరు జిల్లా

జవాబు: చలివాతం కాదు. లేవగానే పట్టేసి, నడిస్తే వదులుతోందంటే కీళ్ల అరుగుదల అయ్యుంటుంది. తుంటి, మోకాలి కీళ్లలో ఎముకల చివర మెత్తగా ఉండే మృదులాస్థి అరిగిపోయింది, అది తిరిగి రాదు. గుంటూరు జిల్లాలో జనవరి రాత్రి కూడా సాధారణంగా 17, 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. లాబ్రడార్ బొచ్చుకు అదేం పెద్ద చలి కాదు. దాన్ని బాధపెడుతున్నవి కింద ఉన్న గచ్చు, పైన ఉన్న ఒంటి బరువు.

ముందు గోళీలు ఈరోజే ఆపండి. కుక్క కడుపులో పుండ్లు పడటానికి, కిడ్నీలు చెడటానికి ఇలాంటి మనుషుల నొప్పి మాత్రలే దారి. ఎసిక్లోఫెనాక్ ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గా మారుతుంది. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లో, ఎసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్‌లను 2023లో కేంద్రం నిషేధించింది. అది ఆ మందు పడిన పశువుల కళేబరాలు తిని చచ్చిపోతున్న రాబందుల కోసం పెట్టిన నిషేధం, మీ కుక్క కడుపు సంగతి వేరే. షాపతనికి ఈ రెండూ తెలియవు, కుక్క బరువెంతో కూడా అడిగి ఉండడు. మిర్చికి తామర పురుగు వచ్చినా కుక్కకు కాలు నొప్పి వచ్చినా ముందు కౌంటర్ దగ్గరికే పోతారు! మలం తారులా నల్లగా వస్తున్నా, వాంతులవుతున్నా, నీళ్లు విపరీతంగా తాగుతున్నా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కుక్కలకు పనికొచ్చే మందు ఉంది, మెలాక్సికామ్. మొదటి రోజు కిలో బరువుకు 0.2 మి.గ్రా., మరుసటి రోజు నుంచి 0.1 మి.గ్రా., రోజుకు ఒక్కసారి, అన్నం తిన్నాకే. కుక్క 34 కిలోలుంటే మొదటి రోజు 6.8, తర్వాత 3.4 మి.గ్రా. మనుషుల 15 మి.గ్రా. గోళీ ఒకటి వేశారంటే రోజువారీ మోతాదుకు నాలుగు రెట్లు దాటినట్టే. అయినా పాత గోళీ ఆపి వారం గడిచాక, కిడ్నీ, లివర్ రక్తపరీక్ష చూసి, డాక్టరు రాస్తేనే మొదలుపెట్టాలి. దానితో పాటు డెక్సా (స్టెరాయిడ్) సూది చేయించారో, కడుపు పుండు కొని తెచ్చుకున్నట్టే.

ఇక పడక. రెండు శుభ్రమైన గోనె సంచుల్లో ఎండు వరిగడ్డి కూరి, నొక్కినా ఆరు అంగుళాల మందం ఉండేలా కుట్టండి. యూరియా, పురుగుమందుల సంచులు వద్దే వద్దు. కింద చెక్క వేసి, చెమ్మ పైకి రాకుండా వరండా మూలన, మంచు పడని చోట పెట్టండి. నులక మంచం ఎక్కించకండి, దూకితే కీలుకు దెబ్బ. గడ్డి పది రోజులకోసారి మార్చి ఎండబెట్టండి, లేకపోతే గోమార్లు చేరతాయి.

మంట మానేయండి. కాళ్లు లేవని కుక్క వేడి ఎక్కువైతే పక్కకు జరగలేదు, చర్మం కాలుతుంది. వేడినీళ్ల సీసా కాపడం పెట్టాలంటే గుడ్డ చుట్టి, మీ మణికట్టు మీద పెట్టుకుని చూసి, పదిహేను నిమిషాలు చాలు.

ఆ రాత్రి రెండు గంటల మూలుగు సగం కేసుల్లో మూత్రం కోసమే అనిపిస్తుంది నాకు. లేవలేక పిలుస్తుంది, మనం దుప్పటి కప్పుతాం! రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి మూత్రానికి తీసుకెళ్లండి. నీళ్ల గిన్నె పడక పక్కనే ఉండాలి. నున్నటి టైల్స్ ఉంటే గోనె పట్టా పరచండి, గోళ్లు కత్తిరించండి.

బరువు సంగతి మరవద్దు. మీ మిర్చి టిక్కీలు (బస్తాలు) తూచే కాటా మీదే నిలబెట్టి చూడండి. పక్కటెముకలు చేతికి తగలకపోతే అది లావు. అన్నం పావు వంతు తగ్గించండి, వారానికి అర కిలోకు మించి తగ్గకూడదు. పగలంతా గొలుసుకు కట్టేయకుండా పది నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు నడిపించండి.

ఒక్క అనుమానం మాత్రం మిగిలింది. రెండు మూడు కీళ్లు వాచినా, జ్వరం 103 డిగ్రీలు దాటినా, ముక్కు నుంచి రక్తం కారినా అది అరుగుదల కాదు, గోమార్ల జ్వరం కావచ్చు. దానికి రక్తపరీక్ష, వేరే మందు. గోమార్లకని కుక్క మీద పొలం మందు పిచికారీ చేసే అలవాటుంటే అదీ ఆపండి. దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి గానీ, గన్నవరం పశువైద్య కళాశాలకు గానీ తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ గోళీల షీటు జేబులో పెట్టుకోండి.