బెలూన్లు ఎగరేసింది ఫోనే, కానీ వదిన మనసు నొచ్చుకుంది

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. మా వదిన, అంటే మా వారి అక్కయ్య, న్యూజెర్సీలో ఉంటుంది. మా మావయ్యగారు కిందటి కార్తీకమాసంలో తెనాలిలో పోయారు. అప్పటికి మేము సెలవులకి అక్కడే ఉన్నాం. వదినకి టికెట్ దొరక్క మూడో రోజుకి గానీ చేరలేకపోయింది, కడసారి చూపు దక్కలేదు. ఏప్రిల్‌లో మావయ్యగారి పుట్టినరోజు. ప్రతి ఏడూ ఆ రోజు ఆయనకి మొదటి ఫోన్ నాదే. ఈసారి మనసాగక, నా ఐఫోన్ నుంచి వదినకి ‘హ్యాపీ బర్త్‌డే మావయ్యగారూ, మిస్ యూ’ అని ఇంగ్లిష్‌లో కొట్టి పంపాను. పంపగానే స్క్రీన్ నిండా రంగురంగుల బెలూన్లు లేచాయి. నేను ఏమీ నొక్కలేదు. కంగారుపడి ఆ మెసేజ్‌ని అన్‌సెండ్ చేశాను. అప్పటికే వదిన చూసేసింది. “నాన్న పోయి ఆరు నెలలు కాలేదు, నీకు బెలూన్లు ఎగరేయాలనిపించిందా? పైగా తీసేస్తావా?” అని రాసింది. అంతే, నాలుగు నెలలుగా మాటల్లేవు. అది ఫోన్ చేసిన పని అని పెద్ద మెసేజ్ పెట్టినా జవాబు లేదు. మా వారేమో “నేను వాట్సాప్‌లో ఎంతమందికి హ్యాపీ బర్త్‌డే పెట్టలేదు, ఒక్క బెలూనైనా వచ్చిందా? చూసుకుని పంపాల్సింది” అంటారు. సంవత్సరీకానికి అందరం తెనాలి వెళ్ళాలి. ఆ ఇంట్లో వదిన ఎదురుపడితే ఏం చెయ్యను? అత్తయ్యగారికి ఇదేమీ తెలియదు.
– ఒక సోదరి, డాలస్

సమాధానం:

అమ్మా, మీరు రాసింది అక్షరాలా నిజం. ఆ బెలూన్లు మీరు ఎగరేయలేదు. ఈ నాలుగు నెలల్లో ఈ మాట మీతో ఎవరూ అన్నట్టు లేదు, అందుకే ముందుగా చెబుతున్నాను.

ఐఫోన్ మెసేజ్‌లకి ఈ ఎఫెక్టులు 2016లో ఐఓఎస్ 10తో, అంటే ఐఫోన్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్ పదో వెర్షన్‌తో, వచ్చాయి. బాణం గుర్తున్న బటన్‌ని ఒకసారి తాకితే మెసేజ్ మామూలుగా పోతుంది. అదే బటన్ మీద వేలు కాసేపు అదిమి ఉంచితే ఇంకో పేజీ తెరుచుకుంటుంది. మెసేజ్ దభీమని పడేట్టు, గట్టిగా అరిచినట్టు, మెల్లగా గొణిగినట్టు పంపొచ్చు. బెలూన్లు, రంగు కాగితాలు, బాణసంచా అన్నీ అక్కడే ఉంటాయి, కావలసింది ఎంచుకుంటాం. మీ వదినకి తెలిసిన దారి బహుశా ఇదొక్కటే. అందుకని మీరు వేలు అదిమి, వెతికి, బెలూన్లు ఎంచుకుని మరీ పంపారని ఆవిడ అనుకుని ఉంటుంది. అలా అనుకున్న మనిషికి ఆ కోపం రావడంలో వింతేమీ లేదు.

ఆవిడకి తెలియని దారి ఇంకోటుంది. కొన్ని మాటలు కనిపిస్తే ఆ ఫోన్ మనల్ని అడగదు. హ్యాపీ బర్త్‌డే అని ఉంటే బెలూన్లు లేస్తాయి. కంగ్రాచ్యులేషన్స్ అంటే రంగు కాగితాలు రాలతాయి, హ్యాపీ న్యూ ఇయర్ అంటే బాణసంచా కాలుతుంది. పిల్లలైతే ‘ప్యూ ప్యూ’ అని పంపుకుని లేజర్ కాంతులు చూసి నవ్వుకుంటారు. ఆ మాట ఎవరి కోసం రాశామో, ఏ మనసుతో రాశామో ఫోన్‌కి తెలియదు.

మీ ఉత్తరం చదివాక మా అమ్మాయి ఫోన్ తెచ్చి నా ఫోన్ పక్కన పెట్టుకున్నాను. మీరు రాసిన మాటలే తనకి పంపి, తన స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నాను. ముందు మాటలు వచ్చాయి. అవి చదివేలోపే కిందనుంచి బెలూన్లు గుంపుగా లేచి, ఆ అక్షరాల మీదుగా ఊగుతూ పైకి పోయాయి. కొద్ది సెకన్లలో స్క్రీన్ ఖాళీ. మెసేజ్ కింద, కావాలంటే మళ్ళీ చూడమని చిన్న గుర్తు మాత్రం మిగిలింది. ఎందుకు ఇలా జరిగిందో నాకు ముందే తెలుసు. ఆయన ఎవరో కూడా నాకు తెలియదు. అయినా ‘మావయ్యగారూ’ అన్న మాట మీదుగా బెలూన్లు పోతుంటే నా ప్రాణం ఉసూరుమంది. ఆయన కన్నకూతురు, ఏమీ తెలియకుండా, ఆ రోజు పొద్దున అది చూసింది.

మీ వారి మాట కూడా అబద్ధం కాదు. వాట్సాప్‌లో ఆ మాటకి బెలూన్లు రావు. ఐఫోన్ నుంచి ఐఫోన్‌కి నీలం రంగులో పోయే మెసేజ్‌లకే ఈ హడావిడి. ఆయనతో వాదించకండి. ఒక సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని, ఐఫోన్ ఉన్న మీ స్నేహితురాలికి ముందే చెప్పి, ఆమెకి హ్యాపీ బర్త్‌డే అని ఆయన చేతే కొట్టించి పంపించండి. ఒక్క నిమిషం పని. తరవాత ఆయన నోటివెంట వచ్చే మాట వేరుగా ఉంటుంది. ఈ ఇంట్లో మిమ్మల్ని ముందుగా నమ్మాల్సింది ఆయన. ఆ నమ్మకం లేకుండా మీరు ఒంటరిగా తెనాలి గుమ్మం ఎక్కడం నాకు ఇష్టం లేదు.

ఇక అన్‌సెండ్ సంగతి. ఐఓఎస్ 16తో 2022లో వచ్చిన సదుపాయం అది. పంపిన 2 నిమిషాల లోపు మెసేజ్‌ని వెనక్కి తీసుకోవచ్చు. కానీ అది జాడ లేకుండా పోదు. ఫలానా వాళ్ళు ఒక మెసేజ్ తీసేశారని ఇద్దరి ఫోన్లలోనూ ఒక లైను మిగులుతుంది. మీరు కంగారులో, ఆవిడ ఇంకా చూడకపోతే బాగుండునన్న ఆశతో తీశారు. ఆవిడకి మాత్రం తప్పు చేసి చెరిపేసుకున్నట్టు కనిపించింది. నిజం చెప్పాలంటే బెలూన్ల కంటే ఈ లైనే మీకు ఎక్కువ చెరుపు చేసిందని నా అభిప్రాయం. ఆ మెసేజ్‌ని అలాగే ఉంచి, కిందనే ‘వదినా, ఇవి నేను పెట్టలేదు, నా గుండె ఆగినంత పనైంది’ అని రాసి ఉంటే ఆ రోజే సర్దుకునేదేమో. జరిగిపోయిన దానికి మిమ్మల్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. మీరు క్షమించమని అడగాల్సిన వాటిలో ఇది కూడా ఉందని చెబుతున్నాను.

మీ ఉత్తరంలో రెండు చోట్ల నేను చాలాసేపు ఆగిపోయాను. మొదటిది, మావయ్యగారు పోయినప్పుడు మీరు అక్కడున్నారు, ఆవిడ లేదు. కడుపున పుట్టిన బిడ్డ సముద్రాలు దాటి వచ్చేసరికి ఇంట్లో తండ్రి లేడు. ఆ లోటు ఆవిడ ఎవరితోనూ చెప్పుకుని ఉండదు. పైగా అది ఏటిసూతకం నడుస్తున్న ఏడాది. పండగ చేసుకోకుండా, కొత్తబట్ట కట్టకుండా మనవాళ్ళు తండ్రిని తలుచుకునే రోజులు. అందులో బెలూన్లు! అది ఆవిడకి ఎంత అపచారంగా తోచి ఉంటుందో చూడండి.

రెండోది చెబితే మీరు నొచ్చుకోకండి. ‘ఆయనకి మొదటి ఫోన్ నాదే’ అని మీరు ప్రేమతోనే రాశారు. ఆ ప్రేమ నాకు కనిపిస్తోంది. మామగారి మీద అంత అభిమానం ఉన్న కోడలు దొరకడం ఆయన అదృష్టం. కానీ కూతురి వైపు నుంచి చూడండి. ఆ మెసేజ్ వదినని పలకరించలేదు, పోయిన మనిషిని పలకరించింది. ఆయనకి చేరాల్సిన శుభాకాంక్షలు, ఇంకెక్కడికీ చేరే దారి లేక, ఆవిడ ఫోన్‌లో పడ్డాయి. ‘వదినా, ఇవాళ మీకెలా ఉంది?’ అన్న మాట అందులో లేదు. బెలూన్లు రాకపోయినా ఆ రోజు ఆవిడ కళ్ళు చెమర్చేవే. బెలూన్లు రావడంతో ఆ దుఃఖమంతా కోపమై మీ మీదికి వచ్చింది.

అందుకే మీరు పెట్టిన ఆ పెద్ద మెసేజ్‌కి జవాబు రాలేదు. అందులో ఫోన్ ఎలా పనిచేస్తుందో ఉండి ఉంటుంది. ఆవిడ ఎలా ఉందో అడిగినట్టు లేదు.

కార్తీకం దాకా ఆగకండి. ఈ వారంలోనే, ఆవిడకి సెలవు రోజు చూసి, ఫోన్ చెయ్యండి. మెసేజ్ వద్దు. ఫోన్ ఎత్తితే ఇంత చాలు: “వదినా, ఆ రోజు మావయ్యగారి పేరు మీద బెలూన్లు చూసి మీకెంత కష్టంగా అనిపించిందో నేను ఆలోచించలేదు. కంగారులో తీసేసి ఇంకా బాధపెట్టాను. నన్ను క్షమించండి. మీరెలా ఉన్నారు?” అక్కడితో ఆగండి. ఆవిడ మాట్లాడకపోతే మీరూ కాసేపు మాట్లాడకండి. ఏడిస్తే ఏడవనివ్వండి. తిడితే తిట్టనివ్వండి, నాలుగు నెలలుగా లోపల పెట్టుకున్న మనిషి. ‘అసలు ఎందుకు పెట్టావు’ అని ఆవిడే అడిగితే అప్పుడు, ‘ఆ మాట రాస్తే ఆ ఫోన్ దానంతటదే బెలూన్లు వేస్తుందట వదినా, నాకూ ఆ రోజే తెలిసింది’ అని రెండు ముక్కల్లో చెప్పండి. లింకులు, వీడియోలు సాక్ష్యంగా పంపకండి. ‘మీ తమ్ముడు కూడా చూశారు వదినా’ అని ఒక్క మాట కలిపితే చాలు. అందుకే మీ వారి చేత ముందు ఆ ప్రయోగం చేయించమన్నాను. ఆయన చేత రాయబారం మాత్రం నడిపించకండి. తమ్ముడు భార్య వైపు మాట్లాడాడన్న కొత్త బాధ ఎందుకు?

ఫోన్ ఎత్తకపోతే, అవే మాటలు మీ గొంతుతో నిమిషం లోపు వాయిస్ మెసేజ్‌గా పెట్టి, రెండు మూడు వారాలు ఊరుకోండి. అత్తయ్యగారిని ఇందులోకి తేవద్దు. భర్త పోయిన ఏడాది తిరగని మనిషికి ఈ టెన్షన్ కూడానా?

తెనాలిలో కూడా ఆవిడని ఒక గదిలోకి పిలిచి తలుపేసి మాట్లాడే ప్రయత్నం చెయ్యకండి. ఆ నాలుగు రోజులూ ఇంటినిండా జనం, పనులు ఉంటాయి. కూరలు తరిగే దగ్గరో, విస్తళ్ళు కడిగే దగ్గరో ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చోండి. తండ్రి గురించి ఆవిడ ఏం చెప్పినా వినండి. మీకు తెలిసిన సంగతే అయినా ‘అవును, నాతోనూ అన్నారు’ అని అందుకోకండి. ఆ నాలుగు రోజులు మాత్రం ఆయన ఆవిడకే నాన్న.

ఇకముందు ఇలా జరగకుండా ఒకటి రెండు చెబుతాను. ఇలాంటి రోజున ‘హ్యాపీ బర్త్‌డే’ అన్న మాటే రాయకండి. ‘ఇవాళ మావయ్యగారి పుట్టినరోజు, గుర్తొస్తున్నారు’ అని రాస్తే సరిపోతుంది. మీ స్క్రీన్ మీద ఈ ఎఫెక్టులు వాటంతటవే ఆడకుండా ఉండాలంటే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో మోషన్‌లోకి వెళ్ళి ఆటో ప్లే మెసేజ్ ఎఫెక్ట్స్ ఆపేయండి. అయితే అది మీ ఫోన్‌కే. అవతలివాళ్ళ స్క్రీన్ మీద ఏం కనిపించాలో వాళ్ళ సెట్టింగ్‌ని బట్టి ఉంటుంది.

చివరిగా, ఆ ఎఫెక్టుల్లోనే మీకు ఇప్పుడు పనికొచ్చేది ఒకటుంది. మావయ్యగారి చివరి రోజుల్లో మీరు అక్కడే ఉన్నారు కాబట్టి ఆయన ఫొటోలు మీ ఫోన్‌లో ఉండే ఉంటాయి. ఆవిడ దగ్గర అవి ఉండి ఉండవు. మాటలు కలిశాక, తొందరపడకుండా అడగండి: “వదినా, ఆ సెలవుల్లో తీసిన మావయ్యగారి ఫొటోలున్నాయి, పంపమంటారా?” ఇప్పుడే వద్దంటే ‘సరే’ అనండి, ఆ మాట మళ్ళీ ఎత్తకండి. పంపమంటే, పంపే బటన్‌ని అదిమి పట్టి ఇన్విజిబుల్ ఇంక్ అన్నది ఎంచుకోండి. ఫొటో మీద మెరిసే చుక్కలు కమ్ముకుని పోతుంది. అవతలి మనిషి వేలితో తుడిస్తేనే బొమ్మ కనిపిస్తుంది, కాసేపటికి మళ్ళీ కమ్ముకుంటుంది. ఆఫీసులో ఉన్నప్పుడో, నలుగురిలో ఉన్నప్పుడో నాన్న మొహం ఒక్కసారిగా ఎదురుపడదు. ఇంటికెళ్ళి, తీరిగ్గా కూర్చుని, తనకి చూడాలనిపించినప్పుడు తుడిచి చూసుకుంటుంది. ముందు మీ స్నేహితురాలికి ఒకటి పంపి ఎలా వెళ్తోందో చూసుకోండి. వదినకి మాత్రం మొదట ఒక్క ఫొటోనే పంపండి. ఇంకోటి ఆవిడే అడిగేదాకా ఆగండి.