రోడ్డు మీద దొరికిన వస్తువులతో శిల్పం చేస్తే విదేశీ కాలేజీలో చిన్నచూపు చూస్తారా?

జర్మనీకి శిల్పకళ చదవడానికి వెళ్తున్నాను, రాయి, కంచు కొనే స్తోమత లేదు, ఏరుకున్న సామానుతో పని చేస్తే తక్కువగా చూస్తారా అని అడిగారు. చూడరు. నేను అక్కడున్న మూడేళ్ళలో మొదటి ఏడాది డబ్బుల్లేక ఏరుకున్నాను, తర్వాత డబ్బులున్నా ఏరుకున్నాను.

అక్కడ స్పెర్‌మ్యుల్ అని ఉంటుంది, మంచాలు, బీరువాల్లాంటి పెద్ద సామాను పారేసే పద్ధతి. ఊరిని బట్టి రూల్స్ మారతాయి, కొన్నిచోట్ల ఆ కుప్పలోంచి తీసుకోనివ్వరు, కాబట్టి ముందు తోటి విద్యార్థుల్ని అడగండి. ఏ టెన్షనూ లేని దారి ఇంకొకటుంది: వాడని వస్తువుల్ని గుమ్మం బయట పెట్టి అట్టముక్క మీద 'ట్సు ఫెర్‌షెంకెన్' అని రాస్తారు, ఊరికే తీసుకెళ్ళండి అని అర్థం.

అలా దొరికిన ఒక వంటింటి కుర్చీ దగ్గరే నేను పెద్ద తప్పు చేశాను. తెల్ల రంగు పెచ్చులూడి కింద ఆకుపచ్చ, దాని కింద నీలం కనిపించేది, ఒక కాలు మిగతా మూడింటికన్నా అరిగిపోయింది, పలక అంచున ఎవరో పిల్లలు మేకుతో గీసిన గీతలు. నేను రెండు రోజులు సాండ్‌పేపర్ పట్టి అంతా గీకేసి నల్ల రంగు వేశాను. మా ప్రొఫెసర్ చూసి, షాపులో కొన్న కుర్చీకీ దీనికీ ఇప్పుడు తేడా ఏముంది అని అడిగారు. ఆ గీతలు మళ్ళీ రావు కదా. అప్పట్నుంచి ఏది దొరికినా ఒక వారం గదిలో ఊరికే పెట్టుకుని చూస్తాను, చెయ్యి వెయ్యను.

ఏరడం ఎవరైనా ఏరతారు, మీరు నేర్చుకోవాల్సింది అతుకు. 1942లో పికాసో సైకిల్ సీటు, హ్యాండిల్ తీసుకుని ఎద్దు తల చేశాడు, ఉన్నవి రెండే వస్తువులు, ఒక్కటే అతుకు, అది ఎక్కడ పడాలో తెలియడమే మొత్తం పని. వీలైతే కాసెల్ అనే ఊరు వెళ్ళి అక్కడి నోయె గ్యాలరీ మ్యూజియంలో జర్మన్ శిల్పి యోసెఫ్ బాయ్స్ 1969లో చేసిన 'దస్ రూడెల్' (అంటే మంద) చూడండి. పాత ఫోక్స్‌వాగన్ వ్యాను వెనక మంచు మీద లాగే చక్రాల్లేని బండ్లు 24, ఒక్కోదాని మీద ఫెల్టు అనే మందపాటి ఉన్నిగుడ్డ చుట్ట, కొవ్వు, టార్చిలైటు. వాటిని పట్టీలతో కట్టి ఉంచాడు, ఆ కట్టు దాచలేదు. దాని ముందు నిలబడితే నాకు మా అమ్మమ్మ కుట్టిన బొంత గుర్తొచ్చింది, పాత చీరల ముక్కల మీద ఆ తెల్ల దారం ఎంత దూరం నుంచైనా కనబడేది. నేను జిగురు మానేసి నట్లు బోల్టుల మీదకి వచ్చింది ఆ తర్వాతే.

జిగురుతో ఇంకో చిక్కు కూడా ఉంది. వానలో నానిన చెక్కని తెచ్చి వెంటనే అతికిస్తే, హీటర్ వేసిన గదిలో అది ఆరి ముడుచుకుని అతుకులు విడిపోతాయి. బాగా ఆరనివ్వండి, పురుగు రంధ్రాలుంటే లోపలికే తేకండి.

ఇది మాత్రం తప్పకుండా గుర్తుపెట్టుకోండి: మనం జీఐ అనే జింకు పూత ఇనుముని అలాగే వెల్డింగ్ చేయకండి. నేను కిటికీ తెరిచాను కదా అని ఒక పాత పైపుకి చేశాను, నోరంతా అదోలా తియ్యగా అయింది, సాయంత్రానికి వణుకుడు జ్వరం. జింకు పొగ పీలిస్తే వచ్చే జ్వరం అది. పూత పూర్తిగా తీసేసి, పొగ లాగే ఫ్యాను కింద, సరైన మాస్కుతోనే చేయాలి, వర్క్‌షాప్ ఇన్‌ఛార్జ్‌ని అడిగితే దగ్గరుండి చూపిస్తారు.

తిరిగొచ్చేటప్పుడు లగేజీ బరువు కూడా ఇప్పుడే ఆలోచించుకోండి. బోల్టులతో బిగించినవి విప్పి, ఏ ముక్క ఎక్కడిదో ఫొటోలు తీసుకుని, బట్టల మధ్య సర్దుకుని తెచ్చుకున్నాను. మిగతావి అక్కడే వదిలేయాల్సి వచ్చింది, ఆ నల్ల కుర్చీ కూడా.