3 వేల అలైన్‌మెంట్ వదిలేసి 3 లక్షల అప్పు చేస్తారా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకు చేతికి రూ.1,12,000 వస్తుంది. రెండేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ కొన్నాను. దాని ఈఎంఐ రూ.34,000. అయిదు నెలల క్రితం లోయరింగ్ స్ప్రింగులు వేయించి కారు ఎత్తు తగ్గించాను. వాటి తాలూకు క్రెడిట్ కార్డు ఈఎంఐ రూ.6,500, ఇంకా ఏడు నెలలు కట్టాలి. అద్దె రూ.22,000, ఊళ్లో అమ్మానాన్నలకు రూ.15,000, మిగతా ఖర్చులు రూ.25,000. బ్యాంకులో రూ.38,000 ఉన్నాయి. ఇప్పుడు వెనక టైర్లు రెండూ లోపలి వైపు తీగలు కనిపించేంతగా అరిగిపోయాయి. కాయిలోవర్లు (కారు ఎత్తు సర్దుకోగలిగే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ సెట్లు), 18 అంగుళాల అలాయ్ వీల్స్, నాలుగు కొత్త టైర్లు కలిపి రూ.3 లక్షలు అవుతుందన్నారు. మూడేళ్లకు 15 శాతం వడ్డీతో పర్సనల్ లోన్ వెంటనే ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? ఏడు నెలల్లో రూ.1,50,000 బోనస్ కూడా వస్తుంది. పాత స్ప్రింగులు ఇంట్లోనే ఉన్నాయి.

సమాధానం: తీసుకోవద్దు. అంతకన్నా ముందు, తీగలు బయటపడ్డ టైర్లతో ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) ఎక్కడం ఈ రోజే ఆపేయండి. ఆ వేగంలో వెనక టైరు పేలితే ఏమవుతుందో మీకు తెలుసు.

ఇక డబ్బు సంగతి. మీ ఖర్చులు, ఈఎంఐలు కలిపితే నెలకు రూ.1,02,500. మిగిలేది రూ.9,500. మీరు అడుగుతున్న లోన్‌కు ఈఎంఐ దాదాపు రూ.10,400. అంటే మొదటి నెలే తొమ్మిది వందలు తక్కువ పడుతుంది. ఆ తొమ్మిది వందలు క్రెడిట్ కార్డు మీదికి వెళతాయి, కార్డు మీద పడ్డ అప్పు ఎలా పెరుగుతుందో వేరే చెప్పాలా? మూడేళ్లలో వడ్డీకే రూ.74 వేలకు పైగా పోతుంది. వాడేకొద్దీ అరిగిపోయే వస్తువుల మీద ఇంత వడ్డీ కట్టడానికి ఎవరైనా ఎలా ఒప్పుకుంటారో నాకు అర్థం కాదు. లోన్ వెంటనే ఇస్తామనడం మీ అదృష్టం కాదు, అది వాళ్ల వ్యాపారం.

మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాయడానికి కారణం, ఈ పొరపాటు మీరొక్కరే చేయడం లేదు. పార్టు ధర చూసి బడ్జెట్ వేస్తారు, ఆ పార్టు వెనకాల వచ్చే ఖర్చును లెక్కలోకి తీసుకోరు. కారు కిందికి దిగితే చక్రాల కోణాలు మారతాయి. మీ కారుకు వెనక మల్టీ లింక్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రాన్ని విడిగా కొన్ని ఆర్మ్‌లు పట్టుకునే ఏర్పాటు ఉంటుంది కాబట్టి వెనక చక్రాలు పైభాగంలో లోపలికి వాలతాయి, అదే నెగెటివ్ క్యాంబర్. దాంతోపాటు చక్రాలు చూసే దిశ, అంటే టో కూడా చెదురుతుంది. క్యాంబర్ కొద్దిగా ఎక్కువైనా టైరు కొంతకాలం తట్టుకుంటుంది. టో తప్పితే మాత్రం చక్రం దొర్లుతూనే రోడ్డుకు అడ్డంగా రాపాడుతుంది, లోపలి అంచు వేల కిలోమీటర్లు కూడా తిరక్కుండా అయిపోతుంది. మీ టైర్ల మీద అరుగుదల అదే చెబుతోంది.

స్ప్రింగులు వేసిన రోజు వాళ్లు చాలావరకు ముందు చక్రాల టో ఒక్కటే సరిచేసి, స్టీరింగ్ నిటారుగా ఉందా అని చూసి పంపి ఉంటారు. మామూలు కారుకు అది చాలు, మీ కారుకు చాలదు. నాలుగు చక్రాలకూ అలైన్‌మెంట్, అంటే ఈ కోణాలన్నీ సరిచేయడం జరగాలి, వెనకవి ముందు, ఆ తర్వాత ముందువి. వెనక చక్రాలు ఏ దిశ చూస్తున్నాయో తేలకుండా ముందువి సర్దితే కారు నేరుగా నడవదు. వెనక ఆర్మ్‌లకు సర్దుబాటు బోల్టులు ఉంటాయి, తుప్పుపట్టి బిగుసుకుపోతే లేబర్ పెరుగుతుంది. పైగా కొత్త స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఇంకొంచెం కిందికి కూర్చుంటాయి కాబట్టి మరోసారి చూపించుకోవాలి. ఇదంతా మొదట్లోనే మూడు, నాలుగు వేలతో అయ్యే పని. అది ఎవరూ గుర్తు చేయక ఇప్పుడు టైర్లే పోయాయి.

నా మాట వింటే పాత స్ప్రింగులే తిరిగి పెట్టించండి. వెనక రెండు టైర్లు మాత్రం కంపెనీ సైజులోనే కొనండి. సస్పెన్షన్ కీళ్ల దగ్గరుండే రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్లు లూజుగా ఉన్నాయేమో ముందు చూపించండి. సస్పెన్షన్ బోల్టులను కారు నేల మీద నిలబడ్డ ఎత్తులోనే బిగించమని చెప్పండి, గాల్లో వేలాడుతుండగా బిగిస్తే బుష్‌లు మెలిపడిపోతాయి. టైర్లలో గాలి సరిచూసి, ఆ తర్వాతే నాలుగు చక్రాల అలైన్‌మెంట్. పని ముందు, పని తర్వాత ఉన్న కొలతలు రెండూ ఉన్న ప్రింట్ అవుట్ అడిగి తీసుకోండి. అది ఇవ్వని షాపులో డబ్బు కట్టకండి. టైర్లు, లేబర్, అలైన్‌మెంట్ కలిపి రూ.33 వేలు దాటకూడదు. మీ దగ్గరున్న డబ్బుతో ఇది అయిపోతుంది.

అలాగని రూ.5 వేలు మిగిలిన ఖాతాతో తిరగడమూ తప్పే, నా బాధంతా దాని గురించే. ఇప్పుడున్న రూ.38 వేలు మీ ఇంటికి 11 రోజులకు సరిపోతాయి. మీ రంగంలో ప్రాజెక్టు అయిపోతే పని ఇవ్వకుండా బెంచ్ మీద కూర్చోబెట్టడం, ఆ తర్వాత ఉద్యోగం తీసేయడం చూస్తూనే ఉన్నారు. ఆ రోజు కారు ఈఎంఐ ఆగదు, ఊళ్లో అమ్మానాన్నల ఖర్చు ఆగదు. కార్డు ఈఎంఐ ముగిశాక మీ నెల ఖర్చు రూ.96 వేలు. అత్యవసర నిధిగా మూడు నెలలకు రూ.2,88,000 ముందు చేరాలి, ఆరు నెలలకు రెట్టింపు. మిగిలే రూ.9,500 జీతం పడిన రోజే వేరే ఖాతాకు పంపండి. ఏడు నెలల తర్వాత కార్డు ఈఎంఐ అయిపోతే రూ.16,000 పంపండి. బోనస్ మొత్తం అందులోనే వేయండి. ఇలా చేస్తే సుమారు 11 నెలల్లో మూడు నెలల నిధి తయారవుతుంది. లోయరింగ్ స్ప్రింగులు అమ్మితే వచ్చేది కూడా అందులోనే పడాలి.

బంగారం మీద అప్పు తీసుకుందామన్నా, స్నేహితుల దగ్గర చేబదులు తీసుకుందామన్నా నా సమాధానం మారదు. మ్యూచువల్ ఫండ్లలో పెట్టుబడులు ఉంటే వాటినీ కదపకండి. 18 అంగుళాల అలాయ్‌లు మన గుంతల రోడ్ల మీద వంకర తిరిగితే ఆ బిల్లు కూడా మీదే.

ఇంకో విషయం. ఈ మార్పు సంగతి బీమా కంపెనీకి చెప్పారా? చెప్పకపోతే ప్రమాదం జరిగిన రోజు సర్వేయర్ కింద చూసి రాసే నోటు మీదే మీ క్లెయిమ్ ఆధారపడుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చే మార్పులను అనుమతించదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే తేల్చి చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు లేదా రెండూ పడవచ్చు. పాత స్ప్రింగులు పెట్టమనడానికి ఇది కూడా కారణమే. కాయిలోవర్లు వేసుకుని ఇదే చిక్కును అప్పుతో కొనితెచ్చుకోకండి.

మీ ఉత్తరంలో అమ్మానాన్నల ఆరోగ్య బీమా ప్రస్తావనే లేదు. కంపెనీ పాలసీలో వాళ్లు ఉన్నారో లేదో ఈ వారమే హెచ్‌ఆర్‌ను అడగండి. లేకపోతే బోనస్‌లో మొదటి వాటా వాళ్ల ప్రీమియానిదే. నిధి పూర్తవడం రెండు, మూడు నెలలు వెనక్కి జరిగినా ఫర్వాలేదు.