రాకాసి గుళ్లలో ఎముకలు ఎవరివి?

ప్రశ్న: సార్, మాది తాడ్వాయి దగ్గర ఊరు. డిగ్రీ రెండో సంవత్సరం, బీజెడ్‌సీ. మా వైపు అడవిలో పెద్ద పెద్ద బండలు నిలబెట్టి కట్టిన రాకాసి గుళ్లు ఉన్నాయి. అవి రాక్షసుల ఇండ్లని మా తాత చెప్తడు. కాలేజీలో సార్లేమో సమాధులంటున్నారు. వాటిలో ఎముకలు దొరికితే డీఎన్‌ఏ తీసి, మేము వాళ్ల సంతానమో కాదో చెప్పొచ్చా? సెలవుల్లో మా ఫ్రెండ్స్ అందరం వెళ్లి ఒక ఎముక తెస్తే ఎక్కడ టెస్ట్ చేయించాలి?
– విద్యార్థిని, ములుగు జిల్లా

జవాబు: చివర అడిగినదానికే ముందు చెప్తానమ్మా. తేవద్దు. కనబడినా ముట్టుకోవద్దు. ఎందుకంటున్నానో నా సంగతి వింటే అర్థమవుతుంది.

ముప్పై ఏళ్ల కిందట, నేను జువాలజీ చెప్పే రోజుల్లో, పిల్లల్ని తీసుకుని మీ అడవి వైపే వచ్చాను. గుప్తనిధుల కోసం ఎవరో తవ్వి వదిలేసిన సమాధి ఒకటి కనబడింది. ఒరిగిన బండ కింద, కుండ పెంకుల మధ్య, ఒక పుర్రె ముక్క, రెండు దవడ పళ్లు. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. చేతిరుమాలులో మూటగట్టుకుని హనుమకొండ తెచ్చాను. ల్యాబ్‌లో నల్లా కింద పట్టి, పాత టూత్‌బ్రష్‌తో మట్టంతా పోయేదాకా రుద్దాను. ఎండలో ఆరబెట్టాను. పెచ్చులు ఊడకుండా వార్నిష్ పూసి గాజు సీసాలో పెట్టాను. ఏటా కొత్తగా చేరిన పిల్లలు ఆ ముక్కను ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుని చూసేవారు.

చాలా ఏళ్ల తర్వాత ప్రాచీన డీఎన్‌ఏ గురించి చదువుతుంటే గుండె ఆగినంత పనైంది. లోపలి చెవిని చుట్టి ఒక ఎముక ఉంటుంది. ఒంట్లో అంత గట్టి ఎముక ఇంకోటి లేదు. వేల ఏళ్ల తర్వాత కూడా డీఎన్‌ఏ మిగిలితే అందులోనే ఎక్కువ మిగులుతుంది, దాని తర్వాత పళ్లలో. నా సీసాలో ఉన్నవి సరిగ్గా ఆ రెండే. నీళ్లు, ఎండ, వార్నిష్, వందల మంది చేతులు... ఇన్నీ చేసింది నేనే. చివరికి సీసాను పురావస్తు శాఖకు అప్పగించాను. ఏ సమాధిలో దొరికిందని వాళ్లు అడిగితే, అడవిలో ఆ చోటు మళ్లీ చూపించలేకపోయాను.

ప్రాణం పోయాక డీఎన్‌ఏ తెగుతూ పోతుంది. పొడవాటి దారం చిన్న చిన్న పోగులైపోతుంది. పోగుల చివర్లలో, డీఎన్‌ఏను రాసే నాలుగు రసాయన అక్షరాల్లో ‘సి’ అనేది చెడిపోయి ‘టి’గా కనబడుతుంది. పరిశోధకులకు అదే గుర్తు, ఇది పాతదే, నిన్న ముట్టుకున్నవాడిది కాదని. ఎముక పొడిలో దొరికే డీఎన్‌ఏలో చాలాభాగం మట్టిలోని బ్యాక్టీరియాదే. అందులోంచి మనిషి పోగుల్ని ఏరాలి. ల్యాబ్‌లో వాళ్లు ఒళ్లంతా కప్పే సూట్లు వేసుకుని పనిచేసేది అందుకే. వాళ్ల తుమ్ము తుంపర ఒక్కటి పడినా లెక్క తప్పుతుంది.

దీనికి తోడు మన ఎండలు. రామగుండం ఎండ మీకు చెప్పాల్సిన పని లేదు. వేడి, తేమ, నేలలో ఆమ్ల గుణం డీఎన్‌ఏను బతకనివ్వవు. హర్యానాలోని రాఖీగఢీలో సింధు నాగరికత నాటి శ్మశానం నుంచి 60కి పైగా నమూనాలు పరీక్షిస్తే, పనికొచ్చే డీఎన్‌ఏ ఇచ్చింది ఒకే ఒక్క ఆవిడ. నాలుగున్నర వేల ఏళ్ల కిందటి మనిషి. 2019లో ఆ ఫలితాలు వచ్చాయి. మరి మీ గుళ్లు ఇనుప యుగం నాటివి. సుమారు మూడు వేల ఏళ్ల వయసు అనుకున్నా, అందులో ఏదైనా మిగిలి ఉంటే అది ఎంత విలువైనదో చూడండి. సిద్దిపేట వైపు పుల్లూరు, నర్మెటల్లో 2017లో మన పురావస్తు శాఖ ఇలాంటి సమాధులే తవ్వింది. పద్ధతి ప్రకారం చేయాల్సిన పని అది.

ఇక మీరు వాళ్ల సంతానమా అంటే, ఎముక మాట్లాడినా అంత సూటిగా చెప్పదు. మూడు వేల ఏళ్లంటే నూరు తరాలు. అన్ని తరాల్లో ఒకరి సంతతి ఒక్క ఊరిని పట్టుకుని ఉండిపోదు. ఆ మనిషి ఇప్పటి ఏయే జనాలకు ఎంత దగ్గరో మాత్రం లెక్కగట్టొచ్చు.

తాత మాటను మాత్రం కొట్టిపారేయకండి. ఆయన చెప్పినట్టే రాసి పెట్టుకోండి. హిమాలయాల్లో రూప్‌కుండ్ అనే సరస్సు ఒడ్డున వందల మంది ఎముకలున్నాయి. నందాదేవి ఆగ్రహానికి గురైన రాజు పరివారమని అక్కడి వాళ్ల కథ. మన హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్లు కూడా కలిసి 38 మంది ఎముకల్ని పరీక్షిస్తే, 23 మంది మన ఉపఖండం వాళ్లు, సుమారు క్రీ.శ. 800 నాటివాళ్లు. ఇంకో 14 మంది గ్రీసు, క్రీట్ ప్రాంతాల వాళ్లకు దగ్గరివాళ్లు, వాళ్లు చనిపోయి సుమారు రెండు వందల ఏళ్లే అయింది. అంతదూరం ఎందుకొచ్చారో డీఎన్‌ఏ చెప్పలేదు. అక్కడ చలి కాబట్టి ఈ మాత్రమైనా తెలిసింది.

సెలవుల్లో వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి, చోటు రాసుకోండి. కొత్తగా తవ్విన గుంత కనబడితే ఆ రోజే తహసీల్దారు ఆఫీసులో చెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి ఉమ్మితో చేసే టెస్ట్ కిట్ తెచ్చాడు. రిపోర్టులో ఏవో శాతాలొచ్చాయి. మాది ఆర్య మూలమా, ద్రావిడ మూలమా దీంతో తేలుతుందా? చుట్టాల్లో దీని మీద పెద్ద గొడవే అయింది.
– రిటైర్డ్ ఉద్యోగి, జమ్మికుంట

జవాబు: తేలదండీ. ఆర్య, ద్రావిడ అన్నవి భాషల పేర్లు. ఉమ్మిలో భాష ఉండదు. కంపెనీలు ప్రధానంగా మీ డీఎన్‌ఏను ఇప్పుడు బతికున్నవాళ్లతో పోల్చి శాతాలిస్తాయి. ఎవరితో పోల్చారన్నదాన్ని బట్టి అంకెలు మారతాయి.

2009లో సీసీఎంబీ నుంచి లాల్‌జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్ నుంచి డేవిడ్ రైక్ బృందం కలిసి 25 సమూహాలకు చెందిన 132 మందిని పరిశీలించారు. దాదాపు అందరూ ఉత్తరాది, దక్షిణాది అని రెండు పాత జనాల కలయికే. అందులో ఉత్తరాది పాలు 39 నుంచి 71 శాతం దాకా ఉంది. పూర్తిగా ఇటో, పూర్తిగా అటో ఉన్న కులం ఒక్కటీ కనబడలేదు. సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా ఆ జనాలు బాగా కలిశారని, ఆ తర్వాత ఎవరి కులంలో వాళ్లు పెళ్లిళ్లు చేసుకోవడం మొదలైందని 2013లో ఇంకో అధ్యయనం తేల్చింది. పైన చెప్పిన రాఖీగఢీ ఆవిడలో స్టెప్పీ గడ్డి మైదానాల వాళ్ల పాలు లేదు. వాళ్లు ఆమె తర్వాత వచ్చినవాళ్లు. ఆమె జనాల వాటా ఉత్తరాదిన, దక్షిణాదిన దాదాపు అందరిలోనూ కొంతో గొప్పో ఉంది. మీ చుట్టాల్లో రెండు వర్గాలకూ ఆమె బంధువే.

గొడవపడే బదులు మీ ఇంట్లో పనికొచ్చే సంగతి ఒకటుంది. తరతరాలుగా లోపలే పెళ్లిళ్లు చేసుకుంటే కొన్ని లోపాలు ఆ సమూహంలో ఎక్కువగా నిలిచిపోతాయి. వైశ్యుల్లో కొందరికి ఒక ఎంజైమ్ తక్కువగా ఉంటుంది. ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు వాళ్ల ఒంట్లో త్వరగా విరగదు, ఊపిరి కష్టమవుతుంది. అందుకే మత్తు డాక్టరు అడిగినప్పుడు, మన వాళ్లలో ఎవరికైనా అలా అయిందా అన్నది దాచకుండా చెప్పాలి. మీదే కులమైనా సరే, మేనరికాలు ఉంటే అవీ చెప్పండి.

ప్రశ్న: మనలో నియాండర్తల్ రక్తం ఉందా సార్?
– తొమ్మిదో తరగతి, నర్సంపేట

జవాబు: ఉంది నాన్నా. నియాండర్తల్‌లంటే మనలాంటివాళ్లే, ఎప్పుడో అంతరించిపోయిన పాత మానవ జాతి. ఆఫ్రికా బయట ఉన్నవాళ్లందరి డీఎన్‌ఏలో ఒకటి రెండు శాతం వాళ్లది. నీలో, నాలో, మీ హెడ్మాస్టరు గారిలో కూడా. 2010లో స్వాంటే పాబో అనే శాస్త్రవేత్త బృందం ఎముకల నుంచి చదివి చూపించింది. 2022లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. అదే 2010లో ఇంకో వింత జరిగింది. సైబీరియాలో డెనిసోవా గుహలో దొరికిన ఒక ఆడపిల్ల వేలి ఎముకను పరీక్షిస్తే, ఆ పిల్ల మనమూ కాదు, నియాండర్తలూ కాదు. పప్పు గింజంత ముక్క అది. దాన్ని చదివి ఆ పిల్లది నల్లని ఒళ్లు, గోధుమ రంగు జుట్టు, గోధుమ రంగు కళ్లు అయ్యుండాలని రెండేళ్లకు చెప్పగలిగారు.