మీవాడు అడగని కోర్సుకు రెండు లక్షలెందుకు?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. సెలవుల్లో విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక ఫ్లెక్స్ షాపులో కూర్చుని డిజైనింగ్ నేర్చుకున్నాడు. ఇప్పుడు అదే చేస్తానంటున్నాడు. విశాఖలో యానిమేషన్, వీఎఫ్‌ఎక్స్ (సినిమా గ్రాఫిక్స్) కోర్సు మంచిదని తెలిసినవాళ్లు అంటున్నారు. ఫీజు రెండు లక్షల పైనే. అందులో చేర్చాలా, బీటెక్‌లో వేయాలా?
– ఒక తండ్రి, చీపురుపల్లి

జవాబు: మీ టెన్షన్ కోర్సు గురించి కాదండీ. 'ఎంపీసీ చదివి ఫ్లెక్సులు వేస్తున్నాడా' అని చుట్టాలు అంటారేమోనని. ఏటా జూన్‌లో ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది.

ముందు మీవాడికి ఏం వచ్చో చూడండి. ఫోన్‌లో మెరిసిన నీలం, బ్యానర్ మీద ఊదాగా ఎందుకు దిగిందో అడగండి. స్క్రీన్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో రంగు చూపిస్తుంది. అది ఆర్‌జీబీ. కాగితం తనంతట తాను వెలగదు. సయాన్, మెజెంటా, పసుపు సిరాలు వెలుతురులో కొంత మింగేస్తే మిగిలిందే మనకు కనిపించే రంగు. నలుపు కూడా చేరితే సీఎంవైకే. స్క్రీన్ మీది రంగులన్నీ సిరాకు అందవు.

మరొకటి. వాట్సాప్‌లో వచ్చిన పెళ్లికూతురి ఫొటో 600 పిక్సెల్స్ వెడల్పు ఉందనుకోండి. కార్డుకు 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 పిక్సెల్స్ కావాలి. ఆ లెక్కన రెండంగుళాలే వస్తుంది. ఆరంగుళాలకు లాగితే ముఖం మసకే. రోడ్డు పక్క పెద్ద ఫ్లెక్స్‌కు 72 ఉన్నా గడుస్తుంది, దూరం నుంచి చూస్తాం కదా. లోగోను వెక్టర్‌లో, అంటే పిక్సెల్స్‌తో కాకుండా లెక్కగట్టిన గీతలతో గీస్తే ఎంత పెంచినా చెదరదు. కటింగ్‌లో తెల్లగీత రాకుండా రంగును అంచు దాటి చుట్టూ 3 మి.మీ. పొడిగించాలి, దాన్నే బ్లీడ్ అంటారు. తెలుగు ఫాంట్లను కర్వ్స్ చేసి, అంటే అక్షరాలను బొమ్మ గీతలుగా మార్చి పంపాలి. (అది చేయకుండా నా కరపత్రం ప్రెస్‌కిచ్చి, వెయ్యి కాపీలు పిచ్చిగీతలతో తెచ్చుకున్నాను. తప్పు నాదే.) ఇవన్నీ తడబడకుండా చెబితే వాడికి పని పట్టుబడుతున్నట్టే.

వీఎఫ్‌ఎక్స్ మీద మాత్రం నాకు అనుమానాలున్నాయి. 'వంద శాతం ప్లేస్‌మెంట్' బోర్డు చూసి చేరిన చాలామంది పిల్లలకు మొదట దొరికేది రోటో పని. సినిమాలో ఒక్కో ఫ్రేమ్ తీసుకుని మనిషి చుట్టూ గీత గీసి వేరుచేయడం. ఆ పనిలోకే ఇప్పుడు ఏఐ చొరబడుతోంది. బొమ్మ గీయడం ఇష్టమైనవాడు ఓపికతో పైకి వస్తాడు, కాదనను. కానీ మీవాడు అది అడగలేదే! అడగనిదానికి రెండు లక్షలు కడతారు, అడిగినదానికి నా చేత ఔననిపించుకోవాలా?

బీటెక్ అంటారా, లెక్కలు ఇష్టమైతే వేయండి, పరువు కోసం వద్దు. డిజైన్‌లోనే డిగ్రీ కావాలంటే మన రాష్ట్రంలోనే ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఉంది, నాలుగేళ్ల బీడిజైన్. సీటు రాకపోయినా కంగారు పడకండి. ఏదో ఒక డిగ్రీ చదువుతూనే ప్యాకేజింగ్ నేర్చుకోవచ్చు. పలాస జీడిపప్పు ప్యాకెట్ మీద బొమ్మ కూడా ఎవరో ఒక డిజైనర్ వేసిందే.

ఈ ఆదివారం పేపర్‌లో ఒక రంగుల ఫొటో మీద భూతద్దం పెట్టి చూడండి. చుక్కలు కనిపిస్తాయి. అవేంటో మీవాడినే చెప్పమనండి. మధ్యలో బీటెక్ మాట ఎత్తకండి.