ట్రాన్‌స్క్రిప్టులో తెలుగు ఎక్కించుకోబోతున్న మా అమ్మడికి

అమ్మడూ,

హైస్కూల్ ట్రాన్‌స్క్రిప్టులో, అదే నీ కోర్సులూ గ్రేడ్లూ ఉండే రికార్డులో, నీకు తెలుగు వచ్చని రాయించుకుంటానన్నావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ సంతోషంలో మీ పెదనాన్నకి రెండుసార్లు చెప్పాను, రాత్రయ్యేసరికి గుబులు పట్టుకుంది. ఇక్కడ టెక్సస్‌లో స్కూలు రిజిస్ట్రార్ ఆఫీసులో ఏళ్ల తరబడి ట్రాన్‌స్క్రిప్టులు తయారుచేసినదాన్ని. పిల్లలకి వచ్చింది ఒకటి, కాగితమ్మీదికి ఎక్కింది ఒకటి కావడం కళ్లారా చూశాను. కూడబలుక్కునైనా సరే, ఈ ఉత్తరం నువ్వే చదువు. మీ అమ్మ చేత చదివించుకోకు.

నువ్వడుగుతున్నదాన్ని పెర్ఫార్మెన్స్ అక్‌నాలెడ్జ్‌మెంట్ అంటారు, అంటే ఫలానాది బాగా వచ్చని ట్రాన్‌స్క్రిప్టులో వేసే గుర్తింపు. రాష్ట్ర నిబంధనల్లో అవి ఐదు రకాలు. హైస్కూలుకీ కాలేజీకీ రెండింటికీ లెక్కకొచ్చే డ్యూయల్ క్రెడిట్ కోర్సులకి ఒకటి, రెండు భాషలు వచ్చినందుకు ఒకటి, హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో రాసే ఏపీ, ఐబీ పరీక్షలకి ఒకటి, శాట్, యాక్ట్ లాంటి కాలేజీ ప్రవేశ పరీక్షల్లో మార్కులకి ఒకటి, వృత్తి సర్టిఫికెట్లకి ఒకటి. ఏపీ పరీక్షలో ఐదుకి 3 వస్తే చాలు, అది నీకెలాగూ వస్తుంది. దాని గురించి నాకు బెంగ లేదు.

తెలుగుతోనే చిక్కు. తెలుగుకి ఏపీ పరీక్ష లేదు, మీ స్కూల్లో తెలుగు క్లాసూ లేదు. ఇక మిగిలింది జాతీయ స్థాయి భాషా పరీక్ష రాసి ‘ఇంటర్మీడియెట్ హై’ అనే స్థాయి తెచ్చుకోవడం. స్టాంప్ అనే పరీక్ష తెలుగులో కూడా పెడతారు. మీ స్కూల్ డిస్ట్రిక్టు ఏ పరీక్షని ఒప్పుకుంటుందో డబ్బు కట్టకముందే స్కూలు కౌన్సెలర్‌ని అడుగు. ఈమెయిల్లో అడుగు, వరండాలో ఎదురుపడినప్పుడు కాదు. వరండాలో అన్నమాట ఏ ఫైల్లోనూ ఉండదు.

మాట్లాడటంలో నీకు వంక పెట్టలేను. అమ్మమ్మతో ఫోన్లో పోట్లాడగలిగిన పిల్లకి ఏ పరీక్షా లెక్క కాదు. రాత సంగతే భయం. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మెసేజీలు కొట్టడం రాయడం కాదమ్మా. జరిగిన విషయం ఒకటి మొదటినుంచి చివరిదాకా వరసగా రాయాలి, నీకది ఎందుకు నచ్చిందో, ఎందుకు నచ్చలేదో రాయాలి. రోజూ పది వాక్యాలు రాసి ఫొటో తీసి నాకు పంపు. ఒత్తులు తప్పితే తిడతాను, తిట్టించుకో.

ఇంకోటి, తెలుగు ఒక్కటే వస్తే సరిపోదు. ఇంగ్లీషు కోర్సులన్నీ పూర్తిచేసి, వాటిలో సగటున వందకి 80 ఉండాలి. తొమ్మిదో తరగతి ఇంగ్లీషులో 78 తెచ్చుకున్నావట కదా! తెలుగు కోసం మేమంతా కంగారు పడుతుంటే, ఇంగ్లీషు దగ్గర ఆగిపోతావా? ఈ ఏడాదీ వచ్చే ఏడాదీ కాస్త వంగి చదివితే సగటు పైకొస్తుంది. ఇంగ్లీషు 4 పూర్తయ్యేది పన్నెండో తరగతిలో. అంటే ఇప్పుడు తెలుగు పరీక్ష గట్టెక్కినా, ఆ స్కోరు కాగితం రెండేళ్లు ఎక్కడో ఒకచోట భద్రంగా ఉండాలి. ఈలోగా కౌన్సెలర్లు మారతారు. నీ దగ్గరొక కాపీ, మీ అమ్మ దగ్గరొకటి ఉంచు.

ఇక అసలు సంగతి. నువ్వు పదో తరగతిలో ఉన్నావని తెలిసిన దగ్గర్నుంచి నా మనసు ఇదే పీకుతోంది.

మా చిన్న మరిది కొడుకు నీకు తెలుసు కదా, ఎప్పుడూ బ్యాండ్ యూనిఫాంలోనే కనిపించేవాడు. బంగారంలాంటి పిల్లాడు. 2013లో వచ్చిన హౌస్ బిల్ 5 అనే రాష్ట్ర చట్టం ప్రకారం ఇక్కడ మామూలు హైస్కూలు డిప్లొమాకి 22 క్రెడిట్లు చాలు. ఎండార్స్‌మెంట్, అంటే ఒక రంగం ఎంచుకుని దానికి కావలసిన కోర్సులు చదివినట్టు ట్రాన్‌స్క్రిప్టులో పడే ముద్ర, కావాలంటే 26. తొమ్మిదో తరగతిలో చేరేటప్పుడే ఏ ఎండార్స్‌మెంటో రాసివ్వాలి. పదో తరగతి దాటాక అక్కర్లేదనుకుంటే అమ్మానాన్నల్లో ఒకరి సంతకంతో వదిలేసుకోవచ్చు. వాడు స్టెమ్, అంటే సైన్సూ లెక్కల వైపుది, రాసిచ్చాడు. పదో తరగతి చివర, బ్యాండుకి టైం చాలట్లేదని వదిలేస్తానన్నాడు. కౌన్సెలర్ మీటింగుకి పిలిచారు, మా మరిది ఆఫీసునుంచే ఫోన్లో విన్నాడు. అక్కడ అన్నీ చెప్పారు కూడా. చెప్పేటప్పుడు ఈయన ఇంకో స్క్రీన్ చూసుకుంటున్నాడు. సాయంత్రం కాగితం ఇంటికొచ్చింది, సంతకం పెట్టేశాడు. ఏమైందని నేనడిగితే, “ఏదో షెడ్యూలు మార్పు వదినా, అంతా బావుంది” అన్నాడు.

ఎండార్స్‌మెంట్ లేకపోతే ‘డిస్టింగ్విష్డ్ లెవెల్ ఆఫ్ అచీవ్‌మెంట్’ అనే పైస్థాయి గుర్తింపు రాదు. నాలుగు లెక్కల కోర్సులు, అందులో ఆల్జీబ్రా 2, నాలుగు సైన్సు కోర్సులు, అన్నీ ఉన్నాయి వాడికి. ఆ ఒక్క గడీ ఖాళీ. క్లాసులో మొదటి పది శాతంలో ఉన్న పిల్లలకి ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా సీటిచ్చే చట్టం 1997 నుంచీ ఉంది, ఆ వరసలో నిలబడాలంటే మామూలుగా ఆ లెవెల్ ఉండాలి. ర్యాంకు ఉంది కదాని వీళ్లు ధీమాగా కూర్చున్నారు. కాలేజీ జవాబులొచ్చాక గానీ ట్రాన్‌స్క్రిప్టు తీసి చూడలేదు.

నాకు ఇప్పటికీ కడుపు మండేది ఎక్కడంటే, వాడు చదివిన కోర్సులు ఉన్నవి ఉన్నట్టుగా, పలు సబ్జెక్టులు కలిసిన మల్టీడిసిప్లినరీ ఎండార్స్‌మెంటుకి సరిపోయాయి. కొత్తగా ఒక్క క్లాసూ అక్కర్లేదు. ఇది మార్చండి అని ఒక కాగితం రాసిస్తే అయిపోయేది. వసంతంలో రాసిచ్చారు, మే నెలలో ట్రాన్‌స్క్రిప్టులోకి ఎక్కింది కూడా, అప్పటికి సీట్లు అయిపోయాయి. వాడు వేరే కాలేజీలో చేరాడు, బాగానే ఉన్నాడు, మంచి ఉద్యోగం. మా మరిది మాత్రం ఇప్పటికీ ఏ కాగితమైనా సంతకానికొస్తే నాకు ఫొటో పంపిస్తాడు. మొన్న ఏసీ సర్వీసు వాళ్ల రసీదు పంపాడు.

నీకు యూటీ ఆస్టిన్ యూనివర్సిటీ మీద మనసుందని విన్నాను. అక్కడ మాత్రం పది శాతం కాదు, 2026 ఫాల్ నుంచి మొదటి ఐదు శాతానికే నేరుగా సీటు, అంతకుముందు ఆరు. కాబట్టి తెలుగు అక్‌నాలెడ్జ్‌మెంట్ హడావుడిలో ఎండార్స్‌మెంట్ ముట్టుకోకు. బరువనిపిస్తే మార్చుకో, వదిలెయ్యకు. ఏడుపొచ్చేంత బరువైతే నాకు ఫోన్ చెయ్యి. తెల్లారుజాము మూడైనా ఎత్తుతాను, నీకు తెలుసుగా.

ఏటా మే నెలలో రిజిస్ట్రార్ దగ్గర అనఫిషియల్ ట్రాన్‌స్క్రిప్టు అడిగి తీసుకో. కోర్సులు, గ్రేడ్లు, ఎండార్స్‌మెంట్ వరస, కింద అక్‌నాలెడ్జ్‌మెంట్లు, నీ పేరు స్పెల్లింగుతో సహా చూడు. కిటికీ అవతల కూర్చున్న మనిషికి వందల ఫైళ్లుంటాయి, నీది తప్పని నువ్వు చెప్పేదాకా ఆవిడకి తెలీదు. నవ్వుతూ అడుగు. నన్ను నవ్వుతూ అడిగిన పిల్లల పని ఆ రోజే చేసిపెట్టేదాన్ని.

మీ నాన్నకి ఈ ఉత్తరం చూపించు, కొంచెం గట్టిగా చదివి వినిపించు. ఎండార్స్‌మెంటని రాసున్న కాగితం ఏదొచ్చినా, పెన్ను తీసే ముందు నాకు పంపమను.

మీ పెద్దమ్మ